జాకీల జత: ఒక లెక్కల ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో ఒక ఆటగాడికి మొదట పంచే రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చు. ముక్కల విలువనూ, రెండూ ఒకే గుర్తువా కాదా అన్న సంగతినీ మాత్రమే చూసి లెక్కిస్తే అవి 169 రకాలకు తగ్గుతాయి. వాటిలో ఆసుల జత, రాజుల జత, రాణుల జత తర్వాత నాలుగో స్థానం జాకీల జతది. ఎదుట ఒక్కరే ఉండి, వారి చేతిలో ఏవో రెండు ముక్కలు ఉన్నాయనుకుని, అందరికీ ఉమ్మడిగా ఉండే ఐదు ముక్కలూ బల్ల మీద తెరుచుకునేదాకా ఆడితే సగటున పాట్‌లో, అంటే అందరూ పెట్టిన మొత్తంలో, ఆసులకు 85 శాతం, రాజులకు 82, రాణులకు 80, జాకీలకు 77 శాతానికి కొంచెం పైగా వాటా దక్కుతుంది. ఇంతటి బలం ఉన్న జత చేతికొచ్చినప్పుడు అనుభవజ్ఞులైన ఆటగాళ్లు కూడా రాణుల జత వచ్చినప్పటి ధీమాతో కాకుండా ఏదో సంకోచంతో ఆడతారు. ఆ సంకోచానికి ఆధారం ఎంత, అది ఎక్కడి నుంచి పుడుతోంది అన్నది అంకెల్లో చూపించే ఒక ప్రోగ్రామును పైథాన్‌లో రాయడమే ఈ ప్రాజెక్టు.

ఇది డబ్బు పందేల కోసం చేస్తున్న పని కాదు. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి; 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో ఆ నిషేధం దేశమంతటికీ వర్తించింది. మా ఇంట్లో ఆదివారం జరిగే ఆటలో చింతగింజలే చిప్పులు. నాకు కావలసింది సంభావ్యత అనే శాస్త్రం ఒక నిర్ణయం మీద ఎలా పనిచేస్తుందో కళ్లారా చూడడం, దానికి జాకీల జతకు మించిన పరీక్ష నాకు కనిపించలేదు. ఆసుల జతతో ఏం చేయాలో లెక్క చెప్పనక్కరలేదు, ఏడు-రెండుతో ఏం చేయాలో అంతకన్నా చెప్పనక్కరలేదు. లెక్క నిజంగా అవసరమయ్యేది ఈ మధ్యలోనే.

జూన్, రెండో వారం

ముందుగా ఏ ఐదు ముక్కలు ఏ ఐదింటి కంటే గొప్పవో చెప్పే భాగాన్ని రాశాను. పేకలోని 13 విలువలకు మొదటి 13 ప్రధాన సంఖ్యలను, అంటే రెండుకు 2, మూడుకు 3, నాలుగుకు 5 అంటూ ఆసుకు 41 దాకా కేటాయించి, ఐదు ముక్కల సంఖ్యలనూ గుణిస్తే వచ్చే లబ్ధం ముక్కలను ఏ వరుసలో పేర్చినా మారదు, వేరే ఐదు విలువలకు అదే లబ్ధం రాదు. ప్రధాన కారణాంకాల విభజన ఏకైకమన్న హైస్కూలు సిద్ధాంతం ఇక్కడ పేకముక్కలను గుర్తుపట్టే సాధనంగా పనిచేయడం నాకు ఈ ప్రాజెక్టులో మొదటి సంతోషం. ఐదు ముక్కల పోకర్ హ్యాండ్లన్నీ కలిపి విలువలో వేరువేరుగా ఉండేవి 7,462 మాత్రమే కాబట్టి, వాటన్నిటినీ ఒక పట్టికగా కట్టి ఉంచితే ప్రతిసారీ పోల్చడం ఆ పట్టికలో వెతకడంతో సరిపోతుంది. ఆసు వరుసలో పైనా కిందా రెండు చోట్లా నిలబడగలదు గనుక ఆసు-రెండు-మూడు-నాలుగు-ఐదు వరుసకు విడిగా చోటు కల్పించాను.

పట్టిక సరైనదో కాదో తేల్చడానికి 52 ముక్కల నుంచి ఐదేసి తీయగల 25,98,960 విధాలనూ దాని గుండా పంపాను. ఒకే గుర్తుతో వరుసగా వచ్చేవి 40, ఒకే విలువ ముక్కలు నాలుగు ఉన్నవి 624, ఫుల్ హౌస్‌లు (ఒకే విలువవి మూడు, ఇంకో విలువ జత) 3,744, ఫ్లష్‌లు (ఐదూ ఒకే గుర్తు) 5,108, మామూలు వరుసలు 10,200, మూడేసి కలిసినవి 54,912, రెండు జతలవి 1,23,552, ఒక్క జతవి 10,98,240, ఏమీ కలవనివి 13,02,540 అని తేలాయి. పాఠ్యపుస్తకాల్లో ఉండే సంఖ్యలు కూడా ఇవే కాబట్టి పునాది గట్టిదేనని నిశ్చయించుకుని ముందుకు వెళ్లాను.

జూన్, నాలుగో వారం

ఫ్లాప్, అంటే బల్ల మీద ఒకేసారి తెరిచే మొదటి మూడు ముక్కలు, జాకీలను ఏ స్థితిలో నిలబెడుతుందన్నది ఈ వారం పని. చేతిలోని రెండు జాకీలు పోగా మిగిలిన 50 ముక్కల నుంచి ఫ్లాప్ 19,600 విధాలుగా రావచ్చు. ఆ 50లో జాకీ కంటే పెద్దవి 12: నాలుగు ఆసులు, నలుగురు రాజులు, నలుగురు రాణులు. పెద్ద ముక్క ఒక్కటీ లేని ఫ్లాప్‌లు 8,436. అంటే నూటికి 57 సార్లు ఫ్లాప్‌లో కనీసం ఒక పెద్ద ముక్క ఉంటుంది. రాజుల జతకు ఇదే ప్రమాదం దాదాపు 23 శాతం, రాణులకు 41 శాతం, పదుల జతకు 69 శాతానికి పైన. సగానికి ఇవతల రాణులూ, అవతల జాకీలూ ఉన్నాయన్నమాట. రాణులతో ఆడేవారికి ఫ్లాప్ ఎక్కువసార్లు ఊరట కలిగిస్తుంది, జాకీలతో ఆడేవారిని ఎక్కువసార్లు ప్రశ్నిస్తుంది. ఈ జత చుట్టూ పేరుకున్న భయంలో కొంత భాగం ఈ సరిహద్దు దాటడం వల్ల పుట్టిందేనని నా నమ్మకం.

అయితే ఆ 57 శాతాన్ని అలాగే వాడడం సరికాదు, ఎందుకంటే పెద్ద ముక్కతో పాటు మూడో జాకీ కూడా వచ్చిన ఫ్లాప్‌లు అందులో కలిసి ఉన్నాయి. విడదీసి లెక్కిస్తే మూడు గుంపులు వచ్చాయి. కనీసం ఒక జాకీ పడే ఫ్లాప్‌లు 2,304, అంటే 11.8 శాతం. జాకీ పడకుండా, పెద్ద ముక్కా పడకుండా, మన జత బల్ల మీది ముక్కలన్నిటికంటే పైన నిలిచేవి 7,140, అంటే 36.4 శాతం. జాకీ లేకుండా పెద్ద ముక్క పడేవి 10,156, అంటే 51.8 శాతం. ఆట కష్టమయ్యేది ఈ మూడో గుంపులో.

రెండో గుంపులో కూడా నిశ్చింత లేదు. తొమ్మిది-ఆరు-మూడు లాంటి ఫ్లాప్ వచ్చిందనుకుందాం. మనకు కనిపించని 47 ముక్కల్లో పెద్దవి ఆ 12 ఇంకా ఉన్నాయి. తర్వాతి ఒక్క ముక్కతోనే పెద్దది వచ్చే అవకాశం నాలుగింట ఒకటి కంటే కొంచెం ఎక్కువ, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (ఐదో ముక్క) రెండూ కలిపితే 45 శాతం. ఇలాంటి ఫ్లాప్ మీద చెక్ చేసి, అంటే ఏమీ పెట్టకుండా వంతు వదిలి, ప్రత్యర్థికి ఉచితంగా టర్న్ చూపించడం ఆసు-రాణి, రాజు-రాణి పట్టుకుని ఎదురుచూస్తున్న వారికి మేలు చేయడమే అవుతుంది. చేతిలో ఆసులుంటే ఒక చిన్న మోసానికి చెక్ చేయవచ్చు, అక్కడ పోయేది తక్కువ. జాకీలతో మాత్రం ఫ్లాప్ అనుకూలించినప్పుడే గింజలను పాట్‌లోకి రప్పించాలి.

జులై, మొదటి వారం

ఇక ఫ్లాప్‌కు ముందు జరిగే ఆట. తొమ్మిది మంది కూర్చున్న బల్ల దగ్గర మన చేతిలో జాకీలు ఉన్నప్పుడు మిగిలిన ఎనిమిది మందిలో ఎవరో ఒకరి దగ్గరైనా రాణుల, రాజుల లేదా ఆసుల జత ఉండే సంభావ్యత 11.3 శాతం. ఆరుగురి బల్ల అయితే ఇది 7.2కు దిగుతుంది. అంటే పంచిన వెంటనే మనది బల్ల మీదకెల్లా మంచి జత అయ్యే అవకాశమే ఎక్కువ కాబట్టి ఇక్కడ రైజ్ చేయకుండా (పందెం పెంచకుండా) కాల్ మాత్రమే చేసి (ఉన్న పందేనికి సరిపడా పెట్టి) ఊరుకోవడానికి ఏ సమర్థనా కనిపించదు. పైగా నలుగురైదుగురు తక్కువ ఖర్చుతో ఫ్లాప్ చూడగలిగితే పైన చెప్పిన 52 శాతం మరింత ప్రమాదకరంగా మారుతుంది.

అసలు చిక్కు మనం రైజ్ చేశాక ఎవరైనా రీరైజ్ చేసి (మళ్లీ పెంచి), చివరికి ఉన్నదంతా పెట్టే పరిస్థితి వచ్చినప్పుడు ఎదురవుతుంది. దీన్ని పరీక్షించడానికి ఒక నిర్దిష్టమైన ఆటను ప్రోగ్రాముకు ఇచ్చాను. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలను బ్లైండ్లు అంటారు, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్; ఇద్దరి దగ్గరా 100 బిగ్ బ్లైండ్ల విలువైన చిప్పులున్నాయి. నేను 3కు రైజ్ చేశాను, బటన్ మీది (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే చోట ఉన్న) ఆటగాడు 9 చేశాడు, నేను 22 చేశాను, అతడు మొత్తం 100 పెట్టేశాడు. బ్లైండ్లు పెట్టిన ఇద్దరూ తప్పుకున్నారు, వాటి 1.5 పాట్‌లోనే ఉంది. ఇప్పుడు పాట్‌లో 123.5 ఉంది, నేను ఇంకా 78 పెట్టాలి. మొత్తం 201.5లో 78 అంటే 38.7 శాతం. నా గెలుపు వాటా అంతకంటే ఎక్కువైతే కాల్ చేయాలి, తక్కువైతే ముక్కలు వదిలేయాలి.

వాటాలను నమూనా పద్ధతిలో, ఒక్కో జంటకు పది లక్షల బోర్డులు (బల్ల మీది ఐదు ముక్కలు) యాదృచ్ఛికంగా పంచి, లెక్కించాను. ఆ పరిమాణంలో ప్రామాణిక దోషం శాతంలో ఇరవయ్యో వంతు మాత్రమే. రాణులు, రాజులు, ఆసుల జతల్లో దేని ఎదుటనైనా జాకీలకు దక్కేది సుమారు 19 శాతం. వేరు గుర్తుల ఆసు-రాజు ఎదుట సుమారు 57, ఒకే గుర్తు ఆసు-రాజు ఎదుట సుమారు 54. తొమ్మిదులు, పదుల ఎదుట 80కి పైన. ఈ విడివిడి అంకెలు పోకర్ ఆడేవారికి కొత్తవి కావు. వాటిని ప్రత్యర్థి రేంజ్‌తో, అంటే అతడు అలా ఆడే ముక్కలన్నిటి సముదాయంతో, తూచి కలిపినప్పుడే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ప్రత్యర్థి రాణులు, రాజులు, ఆసులు, ఆసు-రాజులతో మాత్రమే ఉన్నదంతా పెట్టే రకమైతే, అతడి చేతిలో ఉండగలిగే జతలు 18 విధాలు, ఆసు-రాజులు 16 విధాలు. వాటన్నిటి మీదా నా వాటా సుమారు 36 శాతం. కావలసిన 38.7 కంటే ఇది తక్కువ కాబట్టి వదిలేయాలి. అతడే పదుల జతతో కూడా అలాగే చేస్తాడని తెలిస్తే ఆరు కాంబినేషన్లు చేరతాయి, రెండు జాకీలు నా దగ్గరే ఉన్నందున జాకీల జత మాత్రం ఒక్క విధంగానే చేరుతుంది. నా వాటా 43కు లేస్తుంది, కాల్ చేయాలి. తొమ్మిదులూ చేర్చితే 48. ఆసు-రాణి కూడా చేర్చితే సరిగ్గా సగం దగ్గరికి వస్తుంది. పదుల జత అనే ఒక్క చేర్పుతో తీర్పు తలకిందులైంది. ఆసుల జతకు ఈ రేంజ్‌లలో ఏది ఇచ్చినా జవాబు కాల్ అనే వస్తుంది; జాకీలకు మాత్రం ఎదుటివాడి అలవాటులో వచ్చే చిన్న తేడా 78 బ్లైండ్ల నిర్ణయాన్ని మార్చేస్తుంది. జాకీలను ఎలా ఆడాలని అడిగేవారు తమ ముక్కల గురించి అడుగుతున్నారు గానీ, జవాబు ఎదుటివారి ముక్కల్లో ఉంది.

జులై, మూడో వారం

ఈ వారం పని మీద నాకు అన్నిటికంటే మక్కువ ఎక్కువ. పెద్ద ముక్క పడిన ఫ్లాప్ మీద నిజంగా ఎంత తరచుగా ఓడిపోయి ఉంటామన్నది లెక్కగట్టాలి. మా ఆదివారం ఆటలో మేనమామ ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "ఆసు పడిందిరా, ఇంక నీ జాకీలు ఎందుకూ పనికిరావు, వదిలెయ్." ఆయన యాభై ఏళ్లుగా రమ్మీ ఆడినవారు, పడిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకోవడంలో ఆయనకు సాటి మా ఇంట్లో లేరు. ఆయన మాటను పరీక్షించకుండా తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు.

బిగ్ బ్లైండ్‌లో కూర్చుని నా రైజ్‌ను కాల్ చేసిన ఒక ప్రత్యర్థికి ఈ రేంజ్ ఇచ్చాను: రెండుల నుంచి పదుల దాకా అన్ని జతలు, ఒకే గుర్తులో ఆసు-రాణి, ఆసు-జాకీ, ఆసు-పది, రాజు-రాణి, రాజు-జాకీ, రాణి-జాకీ, వేరు గుర్తుల్లో ఆసు-రాణి, రాజు-రాణి. రాణులు, రాజులు, ఆసుల జతలూ, ఆసు-రాజూ ఇందులో లేవు, ఎందుకంటే వాటితో అతడు ఫ్లాప్‌కు ముందే రీరైజ్ చేసి ఉండేవాడు. నా దగ్గర ఇస్పేటు, ఆఠీను జాకీలు. ఫ్లాప్‌లో కళావరు ఏడు, ఇస్పేటు రెండు స్థిరంగా ఉంచి, మూడో ముక్కను మాత్రం డైమండ్ రాజు, ఆసు, రాణిగా మార్చి చూశాను.

రాజు పడినప్పుడు అతడి చేతిలో ఉండగలిగేవి 85 కాంబినేషన్లు, వాటిలో నన్ను దాటినవి 19: రాజు జత కలిసినవి 13, ఏడులు లేదా రెండులు మూడయినవి 6. అంటే 22 శాతం మాత్రమే. ఆసు పడినప్పుడు 84లో 22, అంటే 26 శాతం. రాణి పడినప్పుడు 81లో 31, అంటే 38 శాతం. అందరూ భయపడే ఆసు కంటే రాణి పడినప్పుడు ప్రమాదం చాలా ఎక్కువగా ఉంది. కారణం స్పష్టం: అతడు ఇంకా ఆటలో ఉన్నాడంటే ఆసు-రాజు అతడి దగ్గర లేదు, కానీ ఆసు-రాణి, రాజు-రాణి రెండూ ఉండవచ్చు. ఆ రెంటికీ ఉమ్మడి ముక్క రాణి.

ఇప్పుడు ఒకే ఒక్క ఊహను మార్చాను. ఈ ప్రత్యర్థి ఆసు-రాజుతో రీరైజ్ చేయకుండా కాల్ మాత్రమే చేసే నెమ్మదైన ఆటగాడు అనుకున్నాను. రాజు ఫ్లాప్ మీద 97లో 31, అంటే 32 శాతం. రాణి ఫ్లాప్ మీద కూడా 97లో 31, అదే 32 శాతం, ఎందుకంటే ఇక్కడ చేరిన ఆసు-రాజు కాంబినేషన్లు 16 గానీ, వాటిలో ఒక్కటీ నన్ను దాటలేదు. ఆసు ఫ్లాప్ మీద 96లో 34, అంటే 35 శాతం. వరుస మారింది, ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆసు. మా బల్ల దగ్గర ఆడేవారిలో ఎక్కువమంది ఆసు-రాజుతో రీరైజ్ చేయరు. అందుచేత మేనమామ అనుభవం తాను చూసిన ఆటగాళ్ల విషయంలో సరిగ్గానే పనిచేస్తోంది. రీరైజ్ చేసే అలవాటున్నవారి ఎదుట మాత్రం అదే అనుభవం ఆయనను తప్పు ముక్కను చూసి భయపడేలా చేస్తుంది. ఈ పట్టికను కాగితం మీద వేసి చూపినప్పుడు ఆయన చాలాసేపు చూసి, "అయితే ముందు చూడాల్సింది ఆసును కాదన్నమాట, అది పడకముందు వాడేం చేశాడో" అన్నారు. నేను ఈ డైరీలో రాసిన ఏ వాక్యం కంటే అది స్పష్టంగా ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు ఊహల్లోనూ, ఏ పెద్ద ముక్క పడినా, జాకీలు సగం కంటే ఎక్కువసార్లు ముందే ఉన్నాయి. అంత మాత్రాన చివరిదాకా గింజలు పెడుతూ పోవచ్చని కాదు. రాజు ఫ్లాప్ మీద నేను పాట్‌లో మూడో వంతు పెడితే, చిన్న జతలు కొన్ని వెళ్లిపోతాయి, ఆసు-రాణి వెళ్లిపోవచ్చు, రాజులు మాత్రం అన్నీ మిగులుతాయి. కాల్ చేసిన తర్వాత అతడి రేంజ్ మొదటి 85 కాంబినేషన్ల రేంజ్ కాదు, దానిలో నన్ను దాటినవాటి నిష్పత్తి పెరిగి ఉంటుంది. రెండోసారి పెడితే ఇంకా పెరుగుతుంది. అందువల్ల నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది: ఫ్లాప్ మీద ఒకసారి చిన్నగా పెట్టి, టర్న్ మీద చెక్ చేసి, రివర్ మీద అతడు చిన్నగా పెడితే చూడడం, పెద్దగా పెడితే అతడి స్వభావాన్ని బట్టి నిర్ణయించుకోవడం. అతడు పాట్‌లో మూడో వంతు పెట్టినప్పుడు కాల్ చేయడానికి నాకు కావలసింది ఐదింట ఒక్క గెలుపు మాత్రమే, జాకీలు ఆ మాత్రం భారాన్ని మోయగలవు. పాట్ అంత మొత్తం పెడితే మూడింట ఒకటి కావాలి, అప్పటికి రేంజ్ బిగుసుకుపోయి ఉంటుంది గనుక చాలామంది ఎదుట అది దొరకదు.

ఆగస్టు, రెండో వారం

ఇద్దరు కాల్ చేసిన ఆటను మొదలుపెట్టాను. ఆసు-రాజుతో రీరైజ్ చేసే ఇద్దరు ప్రత్యర్థులకూ అదే రేంజ్ ఇచ్చి, ఒకరి ముక్కలు మరొకరి ముక్కలను ప్రభావితం చేయవని తాత్కాలికంగా అనుకుంటే, ఇద్దరిలో ఒకరైనా నన్ను దాటి ఉండే సంభావ్యత రాజు ఫ్లాప్ మీద 40 శాతం, ఆసు ఫ్లాప్ మీద 46, రాణి ఫ్లాప్ మీద 62 శాతం అవుతుంది. ఒక్క ప్రత్యర్థి ఉన్నప్పుడు చెప్పిన పద్ధతి రాణి ఫ్లాప్ మీద ఇద్దరి ఎదుట నిలబడదని ఈ ముతక లెక్కలోనే తెలిసిపోతోంది. అక్కడ చెక్ చేసి, ముందు ఎవరు పెట్టినా వదిలేయడమే నా ప్రస్తుత నిర్ణయం. రాజు ఫ్లాప్ మీద మాత్రం ఒకసారి పెట్టడాన్ని ఇంకా వదులుకోలేదు.

ఒకరి చేతిలో రాణి ఉంటే రెండోవారికి రాణి దొరికే అవకాశం తగ్గుతుంది కాబట్టి తాత్కాలిక ఊహను తీసేసి, ఇద్దరి కాంబినేషన్లనూ జంటలుగా చేర్చి, ఒకే ముక్క రెండు చోట్లా వచ్చిన జంటలను కొట్టివేసే భాగాన్ని ఇప్పుడు రాస్తున్నాను. 81ని 81తో జతచేసినా 6,561 జంటలే కాబట్టి నమూనా తీయవలసిన పని లేదు, అన్నిటినీ లెక్కించవచ్చు. ఆ తర్వాత పదుల జతకు ఇదే కొలత పెడతాను.